తాళాలు వినిపించని స్పీకర్

మా నాయన చెవులు పాడవుతున్నాయని ఇంట్లో అమ్మకన్నా ముందు నాకే తెలిసింది. తెలిశాక కూడా నేను ఒక అబద్ధం చెప్పాను. ఒక చిన్న స్పీకర్ కొనడానికి బజారుకు తిరిగిన రోజుల్లో జరిగింది ఇదంతా. అప్పటి నా డైరీలో స్పీకర్ల గురించి చాలా పేజీలున్నాయి. అబద్ధం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మేం ముగ్గురం సౌదీలోని జుబైల్‌లో ఉంటాం. నాయన ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ఫీల్డు ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా కంప్రెసర్ల మధ్య తిరుగుతూ గేజీలు చూస్తాడు, వాల్వులు తిప్పుతాడు, రీడింగులు రాసుకుంటాడు. ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డులు, అమ్మవీ నావీ ఇఖామాలు, నాయన ఇఖామా మీద ఆధారపడినవే. ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్లే మేం ముగ్గురం ఇక్కడ ఉండగలం. నేను కడపలో డిగ్రీ ముగించుకుని వచ్చి ఇంట్లోనే ఉంటూ ఆన్‌లైన్‌లో పీజీ చదువుతున్నాను. బయటి మనుషులతో మాట్లాడాల్సి వస్తే నాకు గొంతు పెగలదు. దుకాణానికి వెళ్లినా నాయన వెనకాలే నిలబడి, కావలసింది ఆయన చెవిలో చెప్పి అడిగించుకునేదాన్ని.

కెమెరా ఉన్న ఫోన్లను ప్లాంటులోకి రానివ్వరు. నాయన ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్తాడు. కంపెనీ బస్సులో వినడానికి ఆయనకు అగ్గిపెట్టెంత మ్యూజిక్ ప్లేయర్ ఒకటి ఉండేది. దాని నిండా మా ఊరి భజన పాటలే. గల్ఫుకు రాకముందు నాయన ఆ భజన బృందంలో కంచు తాళాలు వేసేవాడు. సెలవు మీద వెళ్లినప్పుడు కూడా, పెట్టె విప్పకముందే తాళాలు చేతికి తీసుకునేవాడట. ఒకసారి అలా వెళ్లినప్పుడు బృందంలోని ఒకాయన ఆ రాత్రి భజనంతా రికార్డు చేసి ఇచ్చాడు. హార్మోనియం, డోలక్, పది మంది మగవాళ్ల గొంతులు, వాటన్నిటి మీదా గలగలమని నాయన తాళాలు. తన చేతి శబ్దాన్ని తానే వింటూ ఇన్నేళ్లు పనికి వెళ్లి వచ్చాడు ఆయన.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టాడు.

"ఇవి వద్దు పాపా. పెట్టుకుంటే చాలు, చెవుల్లో ఈగ దూరినట్టు గుయ్యిమంటాండాది. చిన్న స్పీకరు ఏదన్నా చూడు. బాల్కనీలో పెట్టుకుని వింటా."

ఇయర్‌ఫోన్లు పాతబడ్డాయనుకున్నాను. నేను పెట్టుకుని చూస్తే బాగానే ఉన్నాయి. అయినా దాని గురించి ఆలోచించలేదు. స్పీకర్ వెతికే పని దొరికిందని సంబరపడ్డాను. నాకు చదవడమంటే ఇష్టం. ఏ వస్తువు గురించైనా దొరికిందల్లా చదివి నోట్సు రాసుకోవడం ఇంకా ఇష్టం. ఆ వారం కథల పుస్తకం పక్కనపెట్టి స్పీకర్ల గురించి చదివాను. ఇప్పుడొచ్చేవన్నీ బ్లూటూత్ స్పీకర్లు. నాయన ప్లేయరుకు బ్లూటూత్ లేదు, వైరు గుచ్చే రంధ్రం ఒక్కటే ఉంది. కాబట్టి ముందు వైరుతో పనిచేసేది కావాలి. బాల్కనీ గట్టు మీద నిలబడేంత చిన్నదిగా ఉండాలి. దుమ్ము గాలికి తట్టుకోవాలి. గ్లోవులతో పనిచేసి మొద్దుబారిన ఆయన వేళ్లకు దొరికేంత పెద్ద బటన్లుండాలి. ఇవన్నీ ఒక పేజీలో రాసుకుని, పేజీ చింపి బ్యాగులో పెట్టుకుని నాయనతో బజారుకు వెళ్లాను.

పాత జుబైల్ బజారులో రాయచోటి ఆయన ఒకరికి ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం ఉంది. నాయన ఆయన్ని భాయ్ అనేవాడు. ఆయన నాయనను అన్నా అనేవాడు.

"వైరు గుచ్చేదా? అన్నా, నువ్వు ఏ కాలంలో ఉండావు? ఈ బజారుకంతా వైరు స్పీకరు అడిగేది నువ్వొక్కడివే."

"నా కాలంలోనే ఉండా లే భాయ్. ఉంటే చూపించు, లేదంటే టీ అన్నా తెప్పించు."

భాయ్ నవ్వి, పై అరలోంచి దుమ్ము దులిపి నాలుగు పెట్టెలు దించాడు. భజన పాటలు బయట పెట్టి వినడానికి నాయన మొహమాటపడుతుంటే ఆయనే వెనక సామాన్ల గదిలోకి పిలిచాడు. "ఇట్ల రా అన్నా. రాయచోటిలో మా ఇంటి వెనకాలే భజన గుడి ఉండె. చిన్నప్పుడు ఆ డోలు వింటా నిద్రపోయినోణ్ణే నేను గూడా" అన్నాడు. నేను నా కాగితం చూసుకుని ఒక గుండ్రటి స్పీకర్ వైపు వేలు చూపించాను. చాలామంది మెచ్చుకున్న రకం అది. తక్కువ శబ్దంలో ఒక నిమిషం విని, ఇంటికి తెచ్చుకున్నాం.

మరుసటి సాయంత్రం బాల్కనీలో నాయన పాట మొత్తం విన్నాడు. ముఖం చిట్లించాడు.

"డోలక్ బాగుంది. గొంతులు బాగుండాయి. తాళాలు యాడబోయినాయి దీంట్లో?"

తలుపు దగ్గర నిలబడ్డ నాకు తాళాలు వినిపిస్తూనే ఉన్నాయి. కాస్త మొద్దుగా, డోలక్ వెనక, కానీ ఉన్నాయి. ఈ స్పీకరుకు కింది స్థాయి శబ్దం ఎక్కువ, తీగలాంటి సన్న శబ్దం తక్కువ అని నేను చదివిన మాట నిజమేననుకున్నాను. తప్పు నా ఎంపికదేనని డైరీలో రాసుకున్నాను. స్పీకర్‌ను వెనక్కి ఇచ్చేశాం.

ఆ రోజుల్లోనే మా హాల్లో పైకప్పుకు బిగించిన పొగ అలారం కూయడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ అయిపోయినప్పుడు నిమిషానికోసారి సన్నగా, పదునుగా ఒక కూత పెడుతుంది. అమ్మకు తలనొప్పి వచ్చింది. నేను చెవుల్లో దూది పెట్టుకుని చదువుకున్నాను. నాలుగు రోజులు ఓర్చుకుని అమ్మ నాయనను నిలదీసింది.

"ఆ పిట్టను ఎప్పుడు దించుతావు? పుర్రె పగిలిపోతాండాది నాకు."

"ఏ పిట్ట?"

"అదో, మళ్లా కూసింది!"

నాయన పైకి చూశాడు. మమ్మల్నిద్దరినీ చూశాడు. "తల్లీకూతుళ్లకు ఇద్దరికీ కలిసి చెవుల్లో గువ్వలు దూరినట్టుండాయి" అని నవ్వుతూ స్టూలు తెచ్చి బ్యాటరీ మార్చాడు. మార్చాక, ఆగిందా లేదా అని మమ్మల్నే అడిగాడు.

అమ్మ ఆగిందని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను.

రెండో స్పీకర్ కోసం నేను వేరేగా వెతికాను. సన్న శబ్దాలు స్పష్టంగా పలికేది ఏదని మాత్రమే చూశాను. పొడవుగా, ఇటుకలో సగం ఉండేది ఒకటి దొరికింది. ఇంటికి తెచ్చి నాయన రాకముందే ప్లేయరు గుచ్చి విన్నాను. గాజు గిన్నెకు చెంచా తగిలినట్టు, ఒక్కో తాళం దెబ్బ విడివిడిగా వినపడింది. ఆ పాటలో అన్నిటికన్నా పైన ఉన్నది అదే. సాయంత్రం నాయన విన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు పెట్టి విన్నాడు.

"ఇదీ అంతే" అన్నాడు.

అమ్మ టీ గ్లాసు అందిస్తూ, "నన్ను చూసేదానికి వచ్చినప్పుడు గూడా ఇంతసేపు చూడల్యా మీ నాయన" అంది. నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నాయన రొమ్ము మీద, యూనిఫాం జేబుకు, పసుపుపచ్చ రంగు చిన్న పెట్టె తగిలించుకుని పని చేస్తాడు. విషవాయువు లీకయితే అది మోగుతుంది. మోగితే చేతిలో ఏ పనున్నా వదిలేసి గాలికి అడ్డంగా పరుగెత్తాలి. చిన్నప్పుడు ఒకసారి నాకు ఫోన్‌లో ఒక వీడియో పెట్టి దాని శబ్దం వినిపించి, "ఇది కూసిందంటే మీ నాయన నీకన్నా బిర్రున ఉరుకుతాడు" అని నవ్వించాడు. ఆ కూత నాకు బాగా గుర్తు. పొగ అలారం కూత లాంటిదే, సన్నగా, పదునుగా ఉంటుంది.

మూడోసారి దుకాణానికి వెళ్లినప్పుడు భాయ్ ముందుగానే టీ తెప్పించాడు.

"అన్నా, నువ్వు పాటలు వింటాండావా, తప్పులు వెతుకుతాండావా? ఇట్లయితే నా దుకాణంలో స్పీకర్లకు పరువు పోతాది."

"స్పీకర్లు సరిగా లేకపోతే నన్నంటావేం భాయ్? నేను వేసిన తాళం నాకు తెల్దా?"

వెనక గదిలో మూడో స్పీకర్ పెట్టారు. నాయన తల ఒక పక్కకు వంచి విన్నాడు. తాళాలు గలగలమంటున్నాయి. ఆ చిన్న గదిలో అట్టపెట్టెల మధ్య అవి నా పళ్లకు తగిలినంత స్పష్టంగా ఉన్నాయి. నాయన తల అడ్డంగా ఊపాడు. భాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ముఖంలో ఎగతాళి పోయింది. నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు మా. నీకు వినపడ్తాండాయా తాళాలు?"

నాయన కూడా నా వైపే చూశాడు. ఆ చూపును నేను మరిచిపోలేను. ఊరికే అడిగినట్టు లేదు అది. వినపడలేదని నేను చెప్పాలని ఎదురుచూస్తున్న చూపు అది. బయటి మనిషి ముందు నా తండ్రిని తక్కువ చేయలేకపోయాను. నిజం చెబితే ఆ గదిలో ఏమవుతుందో ఊహించుకోలేకపోయాను.

"లేదు" అన్నాను.

"చూసినావా భాయ్?" అన్నాడు నాయన. ఎన్నో రోజులుగా మోస్తున్న బరువు దించినట్టు నవ్వాడు. "పాపకు గూడా వినపడల్యా."

భాయ్ నన్ను ఒక్క క్షణం చూసి, స్పీకర్‌ను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు. "ఇది తీసుకుపో అన్నా. ఇది నచ్చకపోయినా ఉండనీ. టీ తాగేదానికి రా, స్పీకరు మార్చేదానికి మాత్రం రావాకు." నాయన ముందు నడిచి కారు తీయడానికి వెళ్లాడు. నేను సంచీ అందుకుంటుంటే భాయ్ గొంతు తగ్గించి, "ఆస్పత్రికి తీసుకుపో మా. మా మామకు గూడా ఇట్లనే మొదలయింది" అన్నాడు. సంచీ పట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం డైరీలో నాలుగో స్పీకర్ బరువు, రంగు, బటన్ల సంఖ్య రాశాను.

నాయన ఆ స్పీకరుతో సర్దుకున్నాడు. తాళాల మాట ఎత్తడం మానేశాడు. మానేశాడనే నాకు ఎక్కువ భయం వేసింది. తప్పు స్పీకరుదేనని నేను సాక్ష్యం చెప్పాను. ఇక ఆయన తన చెవుల గురించి ఆలోచించాల్సిన అవసరం లేకుండా పోయింది.

పది రోజులకు కాబోలు, అన్నం తింటూ ప్లాంటులో జరిగిన ఒక సంగతి చెప్పాడు. తమాషాగానే చెప్పాడు.

"ఈ పొద్దు ఒక పంపు దగ్గర నిలబడి రీడింగు రాసుకుంటాండా. యాడనుంచో పఠాన్ ఫిట్టరు పరిగెత్తుకొచ్చి నా రొమ్ము మీద ఒక్కటి ఇచ్చినాడు. 'బాబా, బజ్ రహా హై, భాగో!' అని రెక్క పట్టుకుని ఈడ్చినాడు. పంపు సీలులోంచి గ్యాసు కారతాండాదంట. నా పెట్టె మోగతాండాదంట. ఆ కంప్రెసర్ల రొదలో ఎవురికి వినపడ్తాది? వాని చెయ్యి గునపం లాంటిది, ఇంకా నొప్పి పుడతాండాది."

"వాని చెయ్యి విరిగిపోను" అంది అమ్మ నవ్వుతూ. నాయన మజ్జిగ పోసుకున్నాడు.

ఎవరికి వినపడుతుంది అని అడిగాడు నాయన. పఠాన్‌కు వినపడింది. అతను దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు. చెప్పాలని నోరు తెరిచాను. కానీ అమ్మ నవ్వుతూ ఉంది, నాయన నవ్వుతూ ఉన్నాడు. లేచి చేయి కడుక్కున్నాను.

తర్వాతి శుక్రవారం పొద్దున నాయన బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాటలు వింటున్నాడు. అమ్మ లోపల ఉగ్గాణికి బొరుగులు తడుపుతోంది. నేను వెళ్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో రెండు రోజులుగా అనుకున్న మాటలన్నీ పోయాయి. ఆయన చేయి కుర్చీ చేతి మీద వెల్లకిలా ఉంది. ఆ అరచేతిని పట్టుకుని, తాళం పడినప్పుడల్లా నా వేళ్లతో మెల్లగా తట్టడం మొదలుపెట్టాను.

"ఏందిమ్మే ఇది?" అన్నాడు నవ్వుతూ.

నేను తట్టుతూనే ఉన్నాను. ఆయన నవ్వు కొంచెంసేపు ఉంది. తర్వాత రెండో చేయి మోకాలి మీద కదలడం మొదలైంది. తాళం వేసే వాళ్ల చేయి కదిలినట్టే. నా వేళ్లూ ఆయన చేయీ ఒకేసారి పడుతున్నాయి. ఆయన ఆ పాటను జ్ఞాపకం నుంచి వేస్తున్నాడు. నాకు ఆ పాట రాదు. భజన పాటలను నేనెప్పుడూ శ్రద్ధగా విన్నదాన్ని కాదని ఆయనకు తెలుసు. మూడో చరణం తర్వాత ఒక చోట తాళం నాలుగు దెబ్బలు ఆగి, గొంతులు మాత్రమే సాగి, మళ్లీ అందుకుంటుంది. అక్కడ నా వేళ్లు ఆగాయి. నాలుగు దెబ్బల తర్వాత మళ్లీ తట్టాయి.

నాయన చేయి మోకాలి మీద ఆగిపోయింది. ప్లేయరు ఆపేశాడు.

"నీకు వినపడ్తాండాయి."

"ఆఁ నాయనా."

"దీంట్లో ఒక్కదాంట్లోనేనా?"

"అన్నిట్లో. మొదటిదాంట్లో గూడా."

"మరి భాయ్ అడిగినప్పుడు..."

"ఆయన ముందర చెప్పలేకపోయినా నాయనా."

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన వీధి వైపు తిరిగాడు. కింద ఎవరో కారు తుడుస్తున్నారు. తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు. ఆయన అంతసేపు ఒక్కసారిగా మాట్లాడటం నాకు తెలిసి అదే మొదలు.

"నేను ఆరేండ్లుగా చెప్పల్యా పాపా. కంపెనీలో ఏడాదికొకసారి చెవుల టెస్టు పెడతారు. గాజు కిటికీ ఉండే చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తగిలించి, చేతికి బటన్ ఇస్తారు. శబ్దం వినపడితే నొక్కల్ల. అదంతా వరసే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుని నొక్కితే సరిపోతాది. అవతల ఆయన చెయ్యి కదిలేది అద్దంలో కనపడ్తాది. కొత్తగా చేరినోళ్లకు మా పాతోళ్లమే నేర్పిస్తాం. నాకు నేర్పించినోడు రిటైరై పోయినాడు, నేను ఇంకో నలుగురికి నేర్పించినా. చెవులు పోయినాయని రాస్తే ఫీల్డుకు పనికి రాడంటారు. ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్ కొట్టి దేశానికి పంపడమే గదా."

"పెట్టె మోగితే నాయనా?"

"అది వణుకుతాది గూడా. జేబు మీద తెలుస్తాది."

"మొన్న తెలిసిందా?"

ఆయన రొమ్ము మీద పఠాన్ కొట్టిన చోట తడుముకున్నాడు. లోపలి నుంచి అమ్మ తినడానికి రమ్మని పిలిచింది. నాయనకు ఆ పిలుపు వినపడలేదు. నేను లేవబోతే నా చేయి పట్టుకుని, "ముందు బయట యాడన్నా చూపిచ్చుకుందాం. మీ అమ్మకు ఇప్పుడే చెప్పాకు" అన్నాడు.

సెలవు రోజు చూసుకుని ఇద్దరం బయటి క్లినిక్‌కు వెళ్లాం. అక్కడా గాజు కిటికీ ఉన్న చిన్న గదే. నన్ను బయట, టెక్నీషియన్ పక్కన కూర్చోనిచ్చారు. నాయన లోపల కుర్చీలో, చెవులకు నల్లటి డిప్పలతో, చేతిలో బటనుతో కూర్చున్నాడు. టెక్నీషియన్ ఏదో తిప్పింది. నాయన నొక్కాడు. మళ్లీ తిప్పింది, మళ్లీ నొక్కాడు. ఆమె తెర మీద చుక్కలు పెడుతూ పోయింది. ఒక చోటు దాటాక నాయన బొటనవేలు కదలడం మానేసింది. ఆమె ఇంకా ఇంకా తిప్పుతూనే ఉంది. నాయన కళ్లు మూసుకున్నాడు. అద్దంలో ఆమె చేయి కనపడకుండా ఉండటానికే మూసుకున్నాడని నాకు అర్థమైంది. లోపల ఆయన ఏమీ నొక్కకుండా కూర్చున్న ఆ కాసేపు నాకు చాలా పొడుగ్గా గడిచింది. తెర మీద గీత మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది.

నాయన బయటికి వచ్చాక ఆమె కాగితం ముందు పెట్టుకుని హిందీలో అడిగింది. రిపోర్టు ఇంట్లో పెట్టుకోవడానికా, కంపెనీకి ఇవ్వడానికా? కంపెనీకైతే మామూలు మాట వినపడే మేరకే రాసి ఇవ్వగలనంది. ఆ భాగం ఫరవాలేదట. చెవులు పోయినట్టు చూపే సన్న శబ్దాల భాగం చాలామంది రాయొద్దంటారట. ఆమెది సన్నటి గొంతు. నాయన ఆమె పెదాల వైపు చూస్తున్నాడు. ఒక్క ముక్కా అందలేదని ఆ చూపులోనే తెలుస్తోంది.

"ఏమంటాంది పాపా?"

ఏమీ లేదు, అంతా బాగానే ఉందంటోంది, అని చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు. వెనక గదిలో అన్నంత తేలికగా అనేయవచ్చు. కానీ ఆమె అన్నదంతా, ఒక్క మాట వదలకుండా, నాయనకు వినపడేంత గట్టిగా తెలుగులో చెప్పాను. వరండాలో కూర్చున్న వాళ్లు తలతిప్పి చూశారు.

నాయన కాగితం వైపు చూస్తూ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆ దిగిపోయిన గీతను వేలితో ఒకసారి పైనుంచి కిందిదాకా తడిమాడు.

"అంతా రాయమను" అన్నాడు.

నేను ఆమెకు చెప్పాను. మాకు అర్థం కాలేదేమోననుకుని, కంపెనీకే ఇస్తారా, నిజంగా మొత్తం రాయాలా అని ఆమె మళ్లీ అడిగింది. నాయన వైపు తిరగకుండా నేనే జవాబిచ్చాను.

"అవును. కంపెనీకే. మొత్తం రాయండి."